వేగం ఉన్నా వెనకబడే తెర

కొత్త లాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, మంచి ప్రాసెసర్. సినిమా చూసినా, బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచినా ఎక్కడా తడబడదు. అదే లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ అనే వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేరు వేసి, దాని లోపల ఉబుంటు లినక్స్ తెరిచేసరికి తీరు మారిపోతుంది. కొట్టిన అక్షరం కాస్త ఆగి కనిపిస్తుంది. విండోని పట్టుకుని పక్కకు లాగితే మౌస్ బాణం ముందు వెళ్లిపోతుంది, విండో దాని వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని అమెరికా క్లయింటు ఇచ్చిన వర్చువల్ డెస్క్‌టాప్‌లో పనిచేసేవాళ్లకైతే ఇది రోజువారీ బాధ. ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా చెప్పే మందు ఒకటే: ర్యామ్ పెంచండి, కోర్లు పెంచండి. డబ్బు పెట్టి పెంచాక కూడా చాలాసార్లు ఆ నత్తనడక అలాగే ఉంటుంది. మందు జబ్బుకి తగిలితే కదా! నొక్కిన కీకీ, తెర మీద పడే అక్షరానికీ మధ్య పని ఎన్ని చేతులు మారుతోంది, ఒక్కో చేతిలో ఎంతసేపు ఊరికే ఆగుతోంది అన్నదే ఇక్కడ అసలు లెక్క. ప్రాసెసర్ ఎంత వేగంగా పరిగెత్తినా ఆ ఆగడం తగ్గదు.

వర్చువల్ మెషిన్ అంటే ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన మరో కంప్యూటరు. బయటిదాన్ని హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్ అంటారు. గెస్ట్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్ తన కింద నిజమైన యంత్రమే ఉందనుకుని పనిచేసుకుపోతుంది. ఒకప్పుడు ఈ భ్రమని నిలబెట్టడానికే హోస్ట్ చాలా శ్రమపడేది. 2005లో ఇంటెల్, ఆ మరుసటి ఏడు ఏఎండీ, ప్రాసెసర్‌లోనే ఇందుకు ఏర్పాట్లు చేశాయి. అప్పటినుంచి గెస్ట్ చేసే కూడికలూ తీసివేతలూ నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తున్నాయి. అందుకే వర్చువల్ మెషిన్‌లో ఒక పెద్ద ఫైలుని జిప్ చేసినా, ప్రోగ్రాముని కంపైల్ చేసినా బయట పట్టే సమయానికి దగ్గరగానే పడుతుంది. అమ్మేవాళ్లు చూపించే బెంచ్‌మార్కులు ఈ పనులవే, అవి అబద్ధాలూ కావు. కానీ కీబోర్డు, మౌస్, తెర ప్రాసెసర్ లోపల ఉండవు. అవి విడి పరికరాలు. గెస్ట్‌కి కనిపించే కీబోర్డు చిప్పూ, వీడియో కార్డూ హోస్ట్ ఆడించే నకళ్లు. చిక్కంతా ఆ నకళ్ల దగ్గరే మొదలవుతుంది.

ఒక్క కీని పట్టుకుని దాని వెంట వెళ్లి చూద్దాం. యూఎస్‌బీ కీబోర్డు మీద మీరు ఒక అక్షరం నొక్కారు. కీబోర్డు తనంతట తాను కబురు పంపలేదు, కంప్యూటరు వచ్చి అడగాలి. మామూలు కీబోర్డుల్ని అది సుమారు 8 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది. వచ్చిన కబురు హోస్ట్ కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి), అక్కడినుంచి హోస్ట్ విండోలని చూసుకునే ప్రోగ్రాముకి, అక్కడినుంచి వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేరుకి చేరుతుంది. ఆ సాఫ్ట్‌వేరు దాన్ని తన నకిలీ కీబోర్డు చిప్పులో వేసి, గెస్ట్‌కి ఇంటరప్ట్, అంటే పని ఆపి ఇటు చూడమనే సంకేతం, ఇస్తుంది. గెస్ట్ అప్పుడు ప్రాసెసర్ మీద ఉంటే సరే, లేకపోతే తన వంతు వచ్చేదాకా ఆ కబురు అక్కడే ఉంటుంది. తర్వాత గెస్ట్ కెర్నల్, గెస్ట్‌లోని ఎడిటరు. ఎడిటరు అక్షరం గీసినా అది వెంటనే తెరకెక్కదు. ఈనాటి డెస్క్‌టాప్‌లు దాదాపు అన్నిట్లో విండోలన్నిటినీ ఒక బొమ్మగా కూర్చే ప్రోగ్రాము ఒకటుంటుంది. అది మామూలుగా సెకనుకు 60 సార్లు, అంటే 16.7 మిల్లీసెకన్లకోసారి కూరుస్తుంది. మామూలు కంప్యూటర్లో అయితే బొమ్మ ఇక మానిటర్‌కి వెళ్లిపోతుంది. ఇక్కడ వెళ్లేది నకిలీ వీడియో కార్డు మెమరీలోకి. ఆ మెమరీలో ఏ భాగం మారిందో హోస్ట్ సాఫ్ట్‌వేరు మధ్యమధ్య వచ్చి చూసి, మారిన ముక్కని కాపీ చేసుకుని తన విండోలో గీస్తుంది. క్యూఎము అనే పేరున్న సాఫ్ట్‌వేరులో ఈ తనిఖీకి చాలా ఏళ్లపాటు ఉన్న మామూలు విరామం 30 మిల్లీసెకన్లు. ఆ తర్వాత హోస్ట్‌లో విండోలు కూర్చే ప్రోగ్రాము మళ్లీ తన 16.7 మిల్లీసెకన్ల తాళానికి ఆ ముక్కని ఎత్తుకుంటుంది. అప్పటికి గానీ అది అసలు మానిటర్ ముఖం చూడదు.

ఇప్పుడు లెక్క వేయండి. తాళం ప్రకారం నడిచేదాని దగ్గరకి పని ఎప్పుడొచ్చినా సగటున సగం విరామం ఆగాలి, అదృష్టం బాగోకపోతే పూర్తి విరామం ఆగాలి. వర్చువల్ మెషిన్ లేకపోతే ఆగే చోట్లు రెండు: కీబోర్డు దగ్గర 4, తెర కూర్పు దగ్గర 8, మొత్తం సుమారు 12 మిల్లీసెకన్లు. వర్చువల్ మెషిన్‌లో చోట్లు నాలుగు: 4, 8, 15, మళ్లీ 8. మొత్తం 35. అన్నీ ఎదురుతిరిగితే 70 దాటుతుంది. ఇందులో ఏ ప్రోగ్రామూ పనిచేసిన సమయాన్ని నేను కలపలేదు, ఇదంతా వట్టి నిరీక్షణ. ప్రాసెసర్‌ని రెట్టింపు వేగానిది పెట్టినా ఈ 35లో ఒక్క మిల్లీసెకను కూడా తగ్గదు. అమలాపురం నుంచి హైదరాబాద్‌కి రావులపాలెంలో, విజయవాడలో బస్సు మారుతూ వచ్చేవాడికి బస్సులు ఎంత జోరుగా నడిచినా బస్టాండ్లలో కూర్చున్న గంటలు తగ్గవు కదా, ఇదీ అంతే. మోసుకెళ్లే సరుకు ఎక్కువైందా అంటే అదీ కాదు. 1920 బై 1080 తెర మీద ఒక్క బొమ్మ సుమారు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 బొమ్మలు పంపినా 500 మెగాబైట్ల లోపే. ఈనాటి ర్యామ్ సెకనుకు పదుల గిగాబైట్లు మోస్తుంది. దానికి ఇదో బరువు కాదు.

ప్రాసెసర్ వేగం ఈ జాప్యాన్ని తగ్గించదనడానికి తిరుగులేని సాక్ష్యం పాత కాలం నుంచే దొరుకుతుంది. డాన్ లూ అనే ఇంజనీరు రకరకాల కంప్యూటర్ల ముందు హైస్పీడ్ కెమెరా పెట్టి, కీ నొక్కినప్పటినుంచి తెర మారేదాకా ఎంత పడుతుందో కొలిచి 2017లో ప్రకటించాడు. 1983 నాటి యాపిల్ 2ఈకి పట్టింది 30 మిల్లీసెకన్లు. దాని ప్రాసెసర్ వేగం దాదాపు 1 మెగాహెర్ట్జ్, అంటే ఈనాటి చౌక ఫోను ముందు కూడా నిలవలేదు. అయినా ఆయన కొలిచిన ఆధునిక యంత్రాల్లో కొన్నింటికి 100 మిల్లీసెకన్లు దాటాయి. వర్చువల్ మెషిన్ సంగతి కాదిది, మామూలు కంప్యూటర్ల సంగతే. యాపిల్ 2ఈలో కీబోర్డుకీ తెరకీ మధ్య దాదాపు ఎవరూ లేరు, అంతే.

వర్చువల్ మెషిన్ల చరిత్రలోనే ఈ లోటుకి కారణం ఒకటుంది. వర్చువల్ మెషిన్లని నడిపే వీఎం/370ని ఐబీఎం 1972లో విడుదల చేసింది. అప్పట్లో పెద్ద కంప్యూటర్లకి వాడిన 3270 టెర్మినల్‌లో మీరు కొట్టిన అక్షరాలు టెర్మినల్‌లోనే ఉండిపోయేవి. తెర నిండా వివరాలు నింపుకుని ఎంటర్ నొక్కితేనే మొత్తం ఒక్కసారిగా వెళ్లేది. ఒక్కో అక్షరానికి అవతలి యంత్రాన్ని అడగాల్సిన పనే లేదు కాబట్టి జాప్యం అన్న ఫిర్యాదు కూడా ఆ ఎంటర్ దగ్గరే ఉండేది. వీఎంవేర్ అనే కంపెనీ 1999లో మొదట తెచ్చింది డెస్క్‌టాప్‌ల కోసమే అయినా, ఆ తర్వాత ఈ సాంకేతికతకి డబ్బు తెచ్చిపెట్టినవి సర్వర్లు. సర్వర్‌కి తెర ఉండదు, ఉన్నా ఎవరూ చూడరు. అంటే వర్చువల్ మెషిన్ బాగా వెలిగిన రెండు కాలాల్లోనూ దాని ముందు కూర్చుని మౌస్ ఆడించే మనిషి లేడు. ఆ మనిషి కోసం చేసిన ఏర్పాట్లు తర్వాత అతికించినవి. అతుకులు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

ఇంతకీ ఈ మిల్లీసెకన్ల గొడవ ఎవరికి, గేములాడే కుర్రాళ్లకి తప్ప అని అడిగేవాళ్లు ఉన్నారు. కనురెప్ప వేయడానికే వంద మిల్లీసెకన్లు దాటుతుందన్నది వాళ్ల వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, కొలిచి చూస్తే నిలవదు. స్కాట్ మెకంజీ, కోలిన్ వేర్ అనే పరిశోధకులు 1993లో మౌస్‌తో తెర మీది గుర్తుల్ని పట్టుకునే పనిని జాప్యం మారుస్తూ పరీక్షించారు. దాదాపు జాప్యం లేని స్థితితో పోలిస్తే 75 మిల్లీసెకన్ల దగ్గరే పనికి పట్టే సమయం 16 శాతం పెరిగింది. 225 దగ్గర సమయం 64 శాతం, తప్పులు 214 శాతం పెరిగాయి. దీని వెనక పెద్ద రహస్యమేమీ లేదు. మౌస్ కదిపేటప్పుడు మనం ఒకసారి గురిపెట్టి వదిలేయం. కన్ను చూస్తుంటే చెయ్యి క్షణక్షణం సర్దుకుంటూ పోతుంది. కన్ను చూసేది పాత స్థానమైతే చెయ్యి దాటిపోతుంది, వెనక్కి లాగుతుంది, మళ్లీ దాటుతుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2012లో చూపిన టచ్ తెర ప్రదర్శనలోనూ ఇదే తేలింది. వేలితో లాగే బొమ్మ 100 మిల్లీసెకన్ల వెనక ఉంటే వేలికీ బొమ్మకీ మధ్య ఖాళీ కొట్టొచ్చినట్టు కనబడింది. ఒక్క మిల్లీసెకనుకి దించితే బొమ్మ వేలికి అతుక్కున్నట్టు కదిలింది. ఎక్సెల్ షీట్లో గడులు ఎంచుకునే గుమస్తాకీ, బిల్లు కొట్టే ఉద్యోగికీ ఇది వర్తిస్తుంది. గేములాడేవాడికి పోయేది ఒక ఆట, వీళ్లకి పోయేది రోజూ కొంత ఓపిక.

మౌస్ బాణం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మోసం అక్కడే ఎక్కువ. పాత పీఎస్/2 పద్ధతి మౌస్ తానెక్కడుందో చెప్పదు, ఇంత కుడికి, ఇంత పైకి జరిగానని మాత్రమే చెబుతుంది. వర్చువల్ మెషిన్ ఆ మౌస్‌ని అనుకరిస్తే గెస్ట్ ఆ కదలికలకి తన లెక్కలు తాను కలుపుకుంటుంది. హోస్ట్ లెక్కలు వేరు. ఇద్దరి బాణాలూ ఒకచోట ఉండవు. అందుకే మౌస్‌ని విండో లోపల బంధించి, బయటికి రావాలంటే వర్చువల్‌బాక్స్‌లో కుడి కంట్రోల్ కీ నొక్కమంటారు. వర్చువల్‌బాక్స్ వారి గెస్ట్ అడిషన్స్ అనే ప్రోగ్రాముల్ని గెస్ట్‌లో వేసినా, క్యూఎములో యూఎస్‌బీ టాబ్లెట్ అనే నకిలీ పరికరాన్ని ఎంచుకున్నా ఈ బాధ పోతుంది, బాణం ఉన్న చోటు సూటిగా గెస్ట్‌కి చేరుతుంది. పైగా బాణాన్ని గెస్ట్ గీయక్కర్లేదు, హోస్టే తన తెర మీద గీసుకుంటుంది. అప్పుడు బాణం చేతితోపాటు చురుగ్గా కదులుతుంది. విండో మాత్రం ఇందాక చెప్పిన నాలుగు మజిలీలూ దాటుకుని వస్తుంది. బాణం ముందు, విండో వెనక అన్న దృశ్యం ఇలా పుడుతుంది. బాణం హాయిగా కదులుతోంది కాబట్టి మెషిన్ బాగానే ఉందనుకుంటే పొరపాటు, ఆ బాణం మెషిన్‌లోది కానే కాదు.

ర్యామ్ పెంచితే లాభమే లేదా అంటే, ఉంది, ఒక సందర్భంలో. గెస్ట్‌కి గానీ హోస్ట్‌కి గానీ ర్యామ్ చాలక డిస్క్ మీద ఆధారపడుతుంటే ప్రతి పనీ ఆగుతుంది, అప్పుడు ర్యామ్ వేస్తే నిజంగానే గుణం కనిపిస్తుంది. చాలినంత ఉన్నాక ఇంకా పెంచడం దండగ. కోర్ల విషయంలో అయితే ఎక్కువిస్తే నష్టం కూడా ఉంది. ఎనిమిది కోర్ల హోస్ట్‌లో ఎనిమిదీ గెస్ట్‌కి రాసిచ్చేవాళ్లున్నారు. 3డీ యాక్సిలరేషన్ (గ్రాఫిక్స్ కార్డు సాయం) లేని గెస్ట్ తన డెస్క్‌టాప్ మెరుపులన్నీ ప్రాసెసర్‌తోనే గీసుకుంటుంది. ఆ గీతల్లో ఎనిమిది కోర్లూ మునిగితే, గీసిన బొమ్మని తీసుకెళ్లి తెర మీద పెట్టాల్సిన హోస్ట్ ప్రోగ్రాముకే వంతు దొరకదు. ఒకటి రెండు కోర్లు హోస్ట్‌కి మిగిల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. విండోస్ వాడేవాళ్లు ఇంకొకటి చూడాలి. వర్చువల్‌బాక్స్ విండో కింది పట్టీలో చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోందా? కనిపిస్తే, మైక్రోసాఫ్ట్ వారి వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేరు హైపర్-వీ అప్పటికే ప్రాసెసర్ ఏర్పాట్లని ఆక్రమించుకుందనీ, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నెమ్మదిగా నడుస్తోందనీ అర్థం. తయారుచేసినవాళ్లు ఆ బొమ్మని తాబేలుగా ఎంచుకోవడంలో నిజాయితీ ఉంది.

మెషిన్ మీ లాప్‌టాప్‌లో కాక సముద్రాల అవతల ఉంటే పై లెక్కకి దూరం తోడవుతుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకి 200. హైదరాబాద్ నుంచి డేటా సెంటర్లకి పేరుపడ్డ ఉత్తర వర్జీనియాకి సూటిగా సుమారు 13 వేల కిలోమీటర్లు. పోయి రావడానికి తక్కువలో తక్కువ 130 మిల్లీసెకన్లు. తీగలు సూటిగా పోవు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. మెకంజీ, వేర్ కొలిచిన 225కి ఇది ఎంత దగ్గరో చూడండి. ఆఫీసు ఇంటర్నెట్‌ని 100 ఎంబీపీఎస్ నుంచి 500కి పెంచితే ఈ సంఖ్య మారదు. దారి వెడల్పవుతుంది, పొడవు తగ్గదు. దారిలో ఒక ప్యాకెట్ పోతే, టీసీపీ మీద నడిచే పద్ధతుల్లో దాన్ని మళ్లీ రప్పించేదాకా వెనకున్నవన్నీ ఆగుతాయి, ఇంకో రానుపోను బలి. రిమోట్ డెస్క్‌టాప్‌కి మైక్రోసాఫ్ట్ 2012లో అలా ఆగని యూడీపీ దారి కూడా కలపడానికి కారణం ఇదే. ఇంకో వింత చూడండి. కీ నొక్కినట్టు ఒక కబురు, వదిలినట్టు ఇంకో కబురు విడివిడిగా వెళతాయి. వదిలిన కబురు దారిలో ఆలస్యమైతే, కీ ఇంకా నొక్కే ఉందని గెస్ట్ అనుకుని అదే అక్షరాన్ని వరసగా కొట్టేస్తుంది. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం నాలుగై ఖాతా లాక్ అయ్యేది ఇలాగే. వీఎంవేర్‌లో దీనికి ఒక సెట్టింగ్ పెట్టి, కీని 2 సెకన్లు పట్టుకుంటేనే అక్షరం మళ్లీ కొట్టేలా చెయ్యమని సలహా ఇచ్చేవారు.

క్లయింట్ల సమాచారం అమెరికా దాటకూడదన్న ఒప్పందాలు ఉంటాయి, కాబట్టి మెషిన్ అక్కడే ఉండక తప్పదు, దీనికి ఎవరేం చేస్తారు అనే మాట కంపెనీల నుంచి వస్తుంది. కాదనలేని మాటే. భద్రత కోసం కొంత నెమ్మది భరించాలి. కానీ అలాంటి ఒప్పందం లేని చోట కూడా అలవాటు కొద్దీ మెషిన్లని అక్కడే ఉంచడం ఇప్పుడు సబబు కాదు. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే కేంద్రం తెరిచింది. ఇక ఒప్పందం ఉన్న చోట కూడా తెర మొత్తాన్ని వీడియోలా మోయించాల్సిన పని లేదు. అమెరికాలోని ఎంఐటీలో తయారై 2012లో వెలువడిన మోష్ అనే టెర్మినల్ ప్రోగ్రాము, మీరు కొట్టిన అక్షరం అవతలి నుంచి తిరిగి వచ్చేదాకా ఆగదు. ఇక్కడే ఊహించి చూపించేస్తుంది, తప్పైతే తర్వాత సరిదిద్దుతుంది. అప్పటి 3జీ నెట్‌వర్క్ మీద దాన్ని చేసినవాళ్లు కొలిస్తే, సాధారణ పద్ధతిలో ఒక కీకి మధ్యస్థంగా 503 మిల్లీసెకన్లు పట్టేచోట ఇది 70 శాతం కీలకి అప్పటికప్పుడే జవాబిచ్చింది. నెట్‌వర్క్ వేగం పెరగలేదు, మజిలీ తగ్గింది. ఐబీఎం 3270 తెలిసో తెలియకో చేసిందీ ఇదే. వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటరులోని రిమోట్ సదుపాయం కూడా ఆ కోవదే: ఎడిటరు తెర మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది, కోడ్, కంపైలర్ అవతలి మెషిన్‌లో ఉంటాయి. లోకల్ వర్చువల్ మెషిన్‌లో లినక్స్ నేర్చుకునే విద్యార్థులకి కూడా నేను ఇదే చెబుతాను. డెస్క్‌టాప్ అవసరం లేని పనికి దాన్ని తెరవకండి, హోస్ట్ టెర్మినల్ నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే రిమోట్ లాగిన్ పద్ధతితో లోపలికి వెళ్లండి.

గ్రాఫిక్స్ కార్డుని ఏకంగా గెస్ట్‌కే అప్పగించే పద్ధతి ఒకటుంది. దాని మీద పనిచేస్తే వర్చువల్ మెషిన్ అనే సంగతే మరిచిపోవచ్చు, నకిలీ కార్డూ దాని తనిఖీలూ ఉండవు కాబట్టి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి, గేమర్లకి అది మంచిదే. కాకపోతే సాధారణంగా ఒక కార్డు ఒక గెస్ట్‌కే పోతుంది, చాలామందికి హోస్ట్ కోసం రెండో కార్డు కావాలి, వందమంది పంచుకునే ఆఫీసు సర్వర్‌లో దానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందరికీ అదే మందని చెప్పడం కూడా ర్యామ్ పెంచమనడం లాంటిదే.

ఖర్చు పెట్టే ముందు మీ మెషిన్ జాప్యాన్ని మీరే కొలుచుకోవచ్చు. చాలా ఫోన్లలో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంది, ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. కీబోర్డూ తెరా రెండూ పడేలా పెట్టి, హోస్ట్‌లోని నోట్‌ప్యాడ్‌లో పది అక్షరాలు, గెస్ట్‌లోని ఎడిటర్‌లో పది అక్షరాలు కొట్టండి. వేలు కీని అడుగుకి నొక్కిన ఫ్రేము నుంచి అక్షరం కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టి, రెండిటి సగటుల మధ్య తేడా తీయండి. ఆ తేడా ఒక్కటే మీ వర్చువల్ మెషిన్ ఖాతాలోది. ఏ సెట్టింగ్ మార్చినా మళ్లీ కొలవండి. తేడా పాతిక ఫ్రేములు దాటుతుంటే, ‘సిస్టమ్ స్లోగా ఉంది’ అని టికెట్ పెట్టకండి. ఆ వీడియోని జతచేసి మిల్లీసెకన్లలో రాయండి. అలా రాస్తే ర్యామ్ పెంచి చేతులు దులుపుకోవడం ఐటీ విభాగానికి అంత తేలిక కాదు.